నాలుగడుగుల ట్యాంకు, నాలుగొందల నంబరు పేపరు

జనవరి 5, 2025, ఆదివారం

చేపల ట్యాంకు ఇంటికొచ్చింది. గుంటూరులో ఒక క్లినిక్ ఎత్తేస్తూ సామాను అమ్ముతున్నారని తెలిసి పొద్దున్నే బయల్దేరాను. నేను వెళ్ళేసరికి కుర్చీలు, ఫ్యాన్లు, ఏసీలు అన్నీ పోయాయి. రిసెప్షన్ మూలన ఇదొక్కటే మిగిలింది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అడుగున గులకరాళ్ళు, వాటి మీద ఎండి అట్టకట్టిన నాచు, మూతకి బదులు పాత ఫ్లెక్సీ ముక్క. ఆరు వేలన్నారు. ముందు పలకని చేత్తో తడిమి, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. నాలుగున్నరకి దిగారు.

"అంత గీతలు పడ్డదెందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా" అంది మా ఆవిడ ఫోన్లో. గాజుదైతే కొనుక్కోవచ్చు. ఇది గాజు కాదు. వేలి కణుపుతో కొడితే గాజు ఖంగుమంటుంది, ఇది డొక్కుగా పలికింది. అంచు వైపు నుంచి చూస్తే గాజుకుండే పచ్చదనం లేదు. మూలల్లో సిలికాన్ లేదు. పైగా ముందు రెండు మూలలకీ అతుకే లేదు, ఒకే షీటుని వేడిచేసి గుండ్రంగా వంచారు. ఆక్రిలిక్, అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్. ఈ కొలతలో కొత్తది చేయించాలంటే నా నెల జీతం చాలదు.

బరువు చూసి టాటా ఏస్ డ్రైవరు ఆశ్చర్యపోయాడు. ఇద్దరం అవలీలగా ఎత్తేశాం. షీటు మందం 12 మి.మీ. ఆక్రిలిక్ సాంద్రత గాజులో సగం కంటే తక్కువ కాబట్టి మొత్తం 34 కిలోల దాకా తూగుతుంది. ఇదే గాజుదైతే 70 కిలోలు. కింద పాత పరుపు, పైన దుప్పటి వేసి, కాజ టోల్‌గేటు దాటి విజయవాడ పటమటలో మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు.

ఇన్ని గీతలు ఎలా పడ్డాయో క్లినిక్ వాచ్‌మన్ చెప్పాడు. అందులో ఫ్లవర్‌హార్న్ చేప ఉండేదట, వాస్తుకి మంచిదని పెట్టారట. అది రాళ్ళని నోట్లో పెట్టుకుని పలకకేసి ఊసేది. నాచు పట్టినప్పుడల్లా ఆఫీసు కుర్రాడు గిన్నెలు తోమే స్టీలు పీచుతో తోమేవాడు. చేప చేసిన నష్టం కంటే పీచు చేసిందే ఎక్కువని నేను తర్వాత లెక్క తేల్చాను.

జనవరి 6, 7

కడుగుడు. గుంటూరు బోరు నీళ్ళ తెల్లటి ఉప్పు పైనుంచి మూడంగుళాల వరకు పొలుసులా పట్టుంది. వెనిగర్‌లో సగం నీళ్ళు కలిపి, పాత పంచె ముక్కలు తడిపి, రాత్రంతా అంటించి ఉంచాను. పొద్దునకి మెత్తబడింది. గీకడానికి గడువు తీరిన ఏటీఎం కార్డు. బ్లేడు ముట్టుకోలేదు. అద్దాలు తుడిచే నీలం స్ప్రే కూడా ముట్టుకోలేదు. అమ్మోనియా ఉన్నది ఏదైనా ఆక్రిలిక్‌కి విషమే.

తర్వాత గీతల జనాభా లెక్క. చీకటి పడ్డాక హాల్లో లైటు ఆర్పి, టార్చిని పలకకి ఆనించి అడ్డంగా వేశాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. సాలెగూడు మీద సాలెగూడు. అన్నీ ఒక రకం కావు. గోరు అడ్డంగా లాగితే ఆగేవి లోతువి. గోరుకి తగలకుండా కంటికి మాత్రమే కనిపించేవి పైపైవి. గోరు ఆగిన ప్రతి చోటా మాస్కింగ్ టేపు ముక్క అంటించుకుంటూ వెళ్ళాను. మా అమ్మాయికి ఏడేళ్ళు, టేపు చింపి ఇవ్వడం దాని డ్యూటీ. ముందు పలక బయటివైపు 23 ముక్కలు, లోపలివైపు 41. పక్క పలకలకి కలిపి 30. వెనక పలక లెక్కపెట్టలేదు, దానికెలాగూ నల్ల కాగితం వేస్తాను.

ముందు పలక బయట ఎడమ వైపు కింద ఒకటుంది, జానెడు పొడవు. టేబులు ఎత్తబోయి ఎవరో గీరుకున్నట్టున్నారు. గోరు అందులో దిగబడుతోంది.

జనవరి 8

ఈరోజు తప్పు చేశాను. వెనక పలక పైమూలన ఏదో స్టిక్కరు తాలూకు జిగురు వదల్లేదు. పక్కనే శానిటైజర్ సీసా కనబడింది. దూదితో అద్ది తుడిచాను, జిగురు చక్కగా పోయింది. పావుగంట తర్వాత చూస్తే అక్కడ రూపాయి బిళ్ళంత మేర, బీటలు వారిన చెరువు మట్టిలాగా సన్నటి పగుళ్ళు.

కారణం నాకు తెలుసు, అదే బాధ. ఆక్రిలిక్‌ని కోసినప్పుడు, అతికినప్పుడు అంచుల దగ్గర లోపల బిగువు మిగిలిపోతుంది. ఆ బిగువున్న చోట ఆల్కహాల్ తగిలితే అది పగుళ్ళుగా బయటపడుతుంది. థిన్నర్, పెట్రోలు, శానిటైజర్, సెంటు, అన్నీ ఒక తానులో ముక్కలే. మిగతా జిగురుని కొబ్బరినూనెతో వదిలించాను. ముందే ఆ పని చేయాల్సింది. పగుళ్ళు వెనక పలకలో, నీళ్ళు ఎక్కే గీతకి పైన ఉన్నాయి కాబట్టి ట్యాంకుకి ప్రమాదం లేదు. సీసాని మాత్రం బాత్‌రూములో పెట్టేశాను.

జనవరి 11, శనివారం

ఆటోనగర్. ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరం. లారీ క్యాబిన్లకి రంగులు వేసే ఒక మేస్త్రి గారు మా వీధిలోనే ఉంటారు. ఆయన షెడ్డుకి వెళ్ళి విషయం చెప్పాను. కారు హెడ్‌లైటు మసకబారితే ఏం చేస్తారో ఇదీ అంతేనన్నారు, కాకపోతే హెడ్‌లైటు జానెడు, ఇది నాలుగడుగులు.

ఆయనకి నేను తీసుకెళ్ళిన చీటీ చూపించాను. 220 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టాలని రాసుకున్నాను. నంబరు తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. చీటీ మీద 220ని గోరుతో కొట్టేశారు.

"220 పట్టావంటే, పాత గీతలు పోతాయి బాబూ. దాని గీతలు పోగొట్టడానికి నెల పడుద్ది. నాలుగొందలతో మొదలెట్టు. పోనిది ఉంటే ఉండనీ."

కొన్నవి ఇవి: వాటర్ పేపరు 400, 600, 800, 1000, 1500, 2000, 2500 నంబర్లు, ఒక్కోటి ఆరు షీట్లు. గట్టి రబ్బరు బ్లాకు ఒకటి, మెత్తటి స్పాంజి బ్లాకు ఒకటి. రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా, ఫోమ్ ప్యాడ్లు రెండు. బఫింగ్ మిషను మేస్త్రి గారే అరువిచ్చారు. మొత్తం 1,900 చిల్లర.

షెడ్డులో అరగంట కూర్చోబెట్టి పాత బంపరు ముక్క మీద నాతో రుద్దించారు. నా చెయ్యి గుండ్రంగా తిరుగుతోంది. మణికట్టు పట్టుకుని ఆపారు. గుండ్రంగా రుద్దితే ఏ గీత ఏ పేపరుదో తెలియదు. నాలుగొందలు అడ్డంగా, ఆరొందలు నిలువుగా, ఎనిమిదొందలు మళ్ళీ అడ్డంగా. నిలువు గీతలు తప్ప అడ్డ గీత ఒక్కటి కూడా కనిపించనప్పుడే ఆరొందల పని అయినట్టు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాదంతా చాకిరీ.

జనవరి 13 నుంచి 15

భోగి, సంక్రాంతి, కనుమ. పని లేదు. బాల్కనీలో ట్యాంకుని చూసి మా బావమరిది "ఏంటి బావా, కోడిపుంజుకి గూడు కొన్నావా" అన్నాడు. రెండో రోజు రాత్రి మాత్రం వాడే టార్చి పట్టుకుని గీతలు లెక్కపెట్టాడు.

జనవరి 18, 19

బయటివైపు మొదలు. ట్యాంకుని బోర్లా కాదు, వెల్లకిలా పడుకోబెట్టాను, ముందు పలక ఆకాశం వైపు. బకెట్లో నీళ్ళు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్. పేపరుని పది నిమిషాలు నానబెట్టి బ్లాకుకి చుట్టాను.

మొదటిసారి రుద్దగానే గుండె జారింది. అప్పటిదాకా గీతలున్నా అవతలి వైపు కనిపించేది. ఇప్పుడు మొత్తం తెల్లటి మబ్బు. దీన్ని మళ్ళీ పారదర్శకం చేయగలనా అని చేతులు ఆగిపోయాయి. పైన చెంబుడు నీళ్ళు పోశాను. మబ్బు విడిపోయి అవతల అమ్మాయి ముఖం కనిపించింది. నీళ్ళు ఆరగానే మళ్ళీ మబ్బు. సరే, ఆశ ఉంది.

ఒక గీత ఉందని అక్కడే రుద్దకూడదు. అక్కడ గుంట పడుతుంది, నీళ్ళు పోశాక ఆ చోట చేప వంకరగా కనబడుతుంది. గీతకి చుట్టూ జానెడు మేర, అంచులకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గిస్తూ రుద్దాలి. నేను 23 గీతలకి విడివిడిగా చేయడం కంటే పలక మొత్తాన్ని ఒక్కలా రుద్దడమే నయమనుకున్నాను. వేళ్ళతో నొక్కితే వేళ్ళ వరుసలో గుంటలు పడతాయి, అందుకే బ్లాకు.

గుండ్రటి మూలల దగ్గర మాత్రం గట్టి బ్లాకు కూర్చోదు. అక్కడ స్పాంజి బ్లాకు. మూల చుట్టూ ఏది అడ్డం, ఏది నిలువు అన్నది తేల్చుకోలేక కాస్త అడ్డదిడ్డంగానే అయింది.

నంబరు మారినప్పుడల్లా బకెట్టు కడిగి కొత్త నీళ్ళు, చేతులు కడుక్కోవడం, పలక కడగడం. 400 పేపరు తాలూకు ఒక్క రేణువు 1000 నంబరు నీళ్ళలో ఉండిపోతే అది గీసే గీత మళ్ళీ మొదటికి తెస్తుంది. శనివారం 400, 600. ఆదివారం 800, 1000. రెండో రోజు సాయంత్రానికి అన్నం ముద్ద కలపలేకపోయాను.

జనవరి 25, శనివారం

1500, 2000, 2500 పొద్దున పదకొండుకల్లా అయిపోయాయి. సన్న పేపర్లు తొందరగా సాగుతాయి, వాటితో శ్రమ ఏమీ లేదు. పలక ఇప్పుడు పట్టు గుడ్డలాగా ఉంది, మసకగా ఉన్నా నున్నగా.

తర్వాత బఫింగ్. మిషను అన్నిటికంటే తక్కువ స్పీడులో పెట్టి, ఫోమ్ ప్యాడ్ తడిపి, కాంపౌండ్ బొట్లు పెట్టి, ఒకచోట నిలపకుండా తిప్పాను. ఆక్రిలిక్ వంద డిగ్రీలు దాటగానే మెత్తబడడం మొదలెడుతుంది, ప్యాడ్ రాపిడికి అది కష్టమేమీ కాదు. ప్రతి నిమిషానికీ ఆపి అరచెయ్యి ఆనించి చూశాను. గోరువెచ్చన దాటనివ్వలేదు. కొందరు మంట చూపించి మెరుపు తెప్పిస్తారు. అది కోసిన అంచులకి సరే, పలకకి చేస్తే బిగువు పెరిగి తర్వాత పగుళ్ళిస్తుంది.

తుడిచి చూస్తే గాజు కూడా దిగదుడుపే. మా ఆవిడని పిలిచాను. బాగుందంది. అమ్మాయి ముక్కు ఆనించి ఆవిరి పట్టించింది. ఫోటోలు తీశాను.

రాత్రి తొమ్మిదింటికి టార్చి పెట్టి చూశాను. పలక నడిమధ్యలో, కుడి నుంచి ఎడమకి, వాన చినుకులు గాలికి ఏటవాలుగా పడ్డట్టు సన్నటి గీతలు వందలు. అన్నీ అడ్డంగా. అంటే నాలుగొందలవి. 600తో నిలువుగా రుద్దినప్పుడు చెయ్యి నొప్పి పుట్టి మధ్యలో త్వరగా ముగించాను, అదే ఇది. ఆ తర్వాత వాడిన ఐదు నంబర్లు ఆ గీతల్ని తీయలేదు, వాటి నెత్తి మీద నునుపు చేసి వదిలేశాయి.

ఫోటోలు తీసేశాను.

జనవరి 26, ఆదివారం

మేస్త్రి గారికి చెప్తే నవ్వలేదు. "ఆరొందలు దగ్గర కాటుక పూసి చూసుకోవాల్సింది" అన్నారు. వాళ్ళు లారీ క్యాబిన్ మీద సన్నగా నల్లరంగు చల్లి రుద్దుతారట, నలుపు ఎక్కడ మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. ఇంట్లో సంక్రాంతి ముగ్గు రంగులున్నాయి, అవి పూయనా అని అడిగాను. అందులో ఇసుక ఉంటుంది, అదే గీరేస్తుంది అన్నారు. నిజమే.

మళ్ళీ 600 దగ్గరికి వెళ్ళాను. ఈసారి నిలువుగా గంటన్నర. మా ఆవిడ కాటుక డబ్బీ తీసి వేలికొసతో పలక మీద పల్చగా పూసి, గుడ్డతో తుడిచాను. సన్నటి నిలువు గీతల మీదున్నది బూడిదరంగుగా తుడుచుకుపోయింది. నాలుగొందల అడ్డ గీతల్లోది మాత్రం నల్లటి దారాల్లాగా నిలిచిపోయింది. ఎక్కడ దారం కనబడితే అక్కడ మళ్ళీ. మూడుసార్లు పూసి మూడుసార్లు తుడిచాక ఒక్క దారం కూడా లేదు. సబ్బునీళ్ళతో జిడ్డు వదిలించి 800కి వెళ్ళాను.

కాటుక డబ్బీ కొత్తది కొనిచ్చే ఒప్పందం మీద ఇంట్లో శాంతి.

జానెడు గీతని మాత్రం వదిలేశాను. సగం లోతు తగ్గింది, అంచుల పదును పోయింది. మొత్తం పోవాలంటే ఆ చుట్టూ గుంట చేయక తప్పదు. గీత ఒకచోటే ఉంటుంది, గుంట పడితే ఆ మూలంతా అలలాడుతుంది.

ఫిబ్రవరి 1, 2

లోపలివైపు. ఇక్కడ లెక్క వేరు.

నీళ్ళు పోస్తే గీతలు కనబడవు అని సెకండ్ హ్యాండ్ ట్యాంకులు అమ్మేవాళ్ళు అందరూ అంటారు. అది సగం నిజం. వెలుగు ఒక పదార్థంలోంచి ఇంకోదానిలోకి పోయేటప్పుడు రెంటి వక్రీభవన గుణకాల (వెలుగుని ఎంత వంచుతాయో చెప్పే అంకెల) మధ్య తేడా ఎంత ఎక్కువుంటే గీత అంత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గాలికి 1, నీటికి 1.33, ఆక్రిలిక్‌కి 1.49. గాలి తగిలే వైపు వెలుగులో నూటికి నాలుగు వంతులు వెనక్కి కొడుతుంది. నీళ్ళు తగిలే వైపు నూటికి ఒక వంతులో మూడోవంతు కూడా కొట్టదు. కాబట్టి లోపలి గీతలు నీళ్ళలో నిజంగానే మాయమైపోతాయి. బయటివి మాయం కావు. అమ్మేవాళ్ళు ఆ రెండో సగం చెప్పరు.

అందుకే బయటికి పెట్టిన శ్రమలో మూడోవంతే లోపలికి పెట్టాను. గోరు ఆగే గీతలు మాత్రం తీశాను, నాచు ముందు వాటిలోనే వేరూనుతుంది కనుక. 600 నుంచి 2000 వరకు వెళ్ళి, ఆపైన చేత్తోనే గుడ్డ పెట్టి పాలిష్ చేశాను. మిషను లోపల పట్టదు. మైనం, సిలికాన్ కలిసిన కాంపౌండ్ లోపల వాడలేదు, చేపలుండే చోటు అది. పనయ్యాక మంచి నీళ్ళతో ఏడెనిమిది సార్లు కడిగాను.

తల ట్యాంకులో పెట్టి రుద్దుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి శుక్లాల ఆపరేషన్ చేసి కంట్లో పెట్టిన లెన్సు ఈ పదార్థమే. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలు పగిలి ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకుంటే, అవి లోపలే ఉండిపోయినా కన్ను వాయలేదని హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు గమనించాడు. 1949లో ఆయన మొదటిసారి ఆ ప్లాస్టిక్‌తోనే లెన్సు చేసి కంట్లో అమర్చాడు. అమ్మమ్మకి పేపరు చదవడానికి పనికొచ్చినది నాకు చేపలు చూడడానికి.

ఫిబ్రవరి 8, శనివారం

వెనక ఎడమ మూల అతుకు. బయటినుంచి చూస్తే అతుకు వెంట బుడగలు, ఒకచోట రెండు సెంటీమీటర్ల మేర వెండి రంగు మెరుపు. ఆ మెరుపు అంటే లోపలికి గాలి దూరిందని, అతుకు అక్కడ విడిందని అర్థం. సిలికాన్ రాసేద్దామని మొదట అనిపించింది. సిలికాన్ గాజుని పట్టుకున్నట్టు ఆక్రిలిక్‌ని పట్టుకోదు, కొన్నాళ్ళకి పొరలా ఊడొస్తుంది.

ఏలూరు రోడ్డులో నేమ్‌ప్లేట్లు చేసే షాపులో 15 మి.మీ. చదరపు ఆక్రిలిక్ బద్ద కోయించుకున్నాను, మూల ఎత్తుకి సరిగ్గా. వాళ్ళే చిన్న సీసాలో "గమ్" ఇచ్చారు. పేరుకే గమ్. నీళ్ళలాంటి డైక్లోరోమీథేన్ అది. అతికించదు, కరిగిస్తుంది. రెండు ఉపరితలాలూ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాక అది ఆవిరైపోతుంది, మిగిలేది ఒకే ముక్క. 40 డిగ్రీలకే మరుగుతుంది, పీలిస్తే మంచిది కాదు. ట్యాంకుని మేడమీదికి చేర్చి, గాలి వాటానికి ఎదురుగా కాకుండా పక్కకి కూర్చున్నాను.

బద్దని మూలలో నిలబెట్టి, మందుల షాపు సిరంజితో ఆ ద్రవాన్ని అంచు వెంట వదిలాను. సగంలో సిరంజి కదలనంది. లోపలి రబ్బరు ఆ ద్రవానికి ఉబ్బి ఇరుక్కుపోయింది. రెండో సిరంజిలో కొద్దికొద్దిగా పీల్చి త్వరత్వరగా చేశాను. సూది మొన నుంచి చుక్క దిగగానే బద్ద కింద ఏదో నీడ పరిగెత్తినట్టు పైనుంచి కిందికి పాకుతుంది. అది పాకిన మేరా అతుకు కనబడకుండా పోయి గాజు కడ్డీలా అయిపోతుంది. ఈ మొత్తం పనిలో చూడముచ్చటైన క్షణం అదే.

పక్కన పాడవకుండా మాస్కింగ్ టేపు వేద్దామనుకుంటే షాపతను వద్దన్నాడు. ద్రవం టేపు అంచు కిందికి దూరి, బయటికి రాలేక అక్కడే పలకని తినేస్తుందట. వేయలేదు. ఒక చుక్క మాత్రం వెనక పలక మీద జారి కన్నీటి చారలా నిలిచిపోయింది. అటువైపు నల్ల కాగితమే కదా.

ఫిబ్రవరి 14 నుంచి 16

అతుక్కి ఆరు రోజులు ఆరనిచ్చి నీళ్ళ పరీక్ష. మేడమీద, పిట్టగోడ పక్కన, 19 మి.మీ. ప్లైవుడ్ మీద. గాజు ట్యాంకు అంచుల మీద ఆనితే చాలేమో, ఆక్రిలిక్‌కి అడుగు మొత్తం ఆనాలి. ప్లైవుడ్ కింద రసమట్టం పెట్టి రెండు మూలల్లో రేకు ముక్కలు దూర్చాను.

20 లీటర్ల బకెట్లతో. మొదటి రోజు నాలుగు, రెండో రోజు ఇంకో నాలుగు, మూడో రోజు మిగతావి. పదకొండున్నర బకెట్లకి అంచు దాకా వచ్చింది, 230 లీటర్లు. అడుగున చుట్టూ న్యూస్‌పేపరు పరిచాను, చుక్క కారితే అక్షరాలు తడిసి తెలిసిపోతుంది. తడవలేదు.

ముందు పలక ఉబ్బుతుందని ముందే తెలుసు, ఎంత ఉబ్బుతుందో తెలియదు. ఈ మూల నుంచి ఆ మూలకి దారం బిగించి కొలిచాను. సగం నీళ్ళకి ఒకటిన్నర మి.మీ., నిండాక మూడున్నర. మర్నాడు పొద్దున కూడా అంతే. ఆక్రిలిక్ వంగడం దాని గుణం, రోజు రోజుకీ పెరిగితేనే భయం.

ఆ నీళ్ళన్నీ మొక్కలకి పోశాం. ఇంటాయన మొక్కలకి కూడా.

ఫిబ్రవరి 26, శివరాత్రి

స్టాండు వచ్చింది, ఇనుప చదరపు గొట్టాలది, పైన ప్లైవుడ్. మాది రెండో అంతస్తు. నీళ్ళు, ఇసుక, స్టాండు అన్నీ కలిపి 350 కిలోల దాకా లెక్క తేలింది. గది మధ్యలో కాకుండా దూలం కింద గోడవారగా పెట్టాం.

ఉపవాసం, జాగారం అని అందరూ మెలకువగా ఉంటే నేను రాత్రంతా నీళ్ళు మోశాను. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు, బ్లీచింగ్ వాసన పోవడానికి హైపో పలుకులు. అడుగున ఇసుక ఒకటిన్నర అంగుళం. ఇసుకంటే క్వార్ట్జ్, ఆక్రిలిక్ కంటే ఎన్నో రెట్లు గట్టిది, కాబట్టి తుడిచే గుడ్డ అడుగు నుంచి రెండంగుళాల పైనే ఆగాలి. అయస్కాంతం క్లీనర్లు ఇంట్లోకి రానివ్వను. రెండు ముక్కల మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కితే ఆరు వారాల పని ఆరు సెకన్లలో పోతుంది. ఏటీఎం కార్డుకి కన్నం పెట్టి దారం కట్టి స్టాండుకి వేలాడదీశాను.

నీళ్ళు ఎక్కేకొద్దీ లోపలి మసక కింద నుంచి పైకి తెర తీసినట్టు పోయింది. మా ఆవిడ మాట్లాడకుండా చూసింది. అదే ఎక్కువ.

మార్చి 30, ఉగాది

చేపలొచ్చాయి. ఈ నెలరోజులూ ట్యాంకులో ఏమీ లేదు, ఫిల్టరు మాత్రం తిరిగింది. స్నేహితుడి పాత ట్యాంకు స్పాంజి ముక్క తెచ్చి అందులో వేశాను, నీళ్ళలో పుట్టే విషాల్ని విరిచే బాక్టీరియా తొందరగా పట్టడానికి. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిచ్చాను. అమ్మోనియా పెరిగింది, పడింది. దాన్నుంచి పుట్టే నైట్రైట్ పెరిగింది, చాలా రోజులు దిగిరాలేదు. గత వారం రెండూ సున్నాకి వచ్చాయి. ఎనిమిది రోజీ బార్బ్‌లు. సక్కర్ చేపని కూడా అంటగట్టబోయాడు షాపతను, నాచు తింటుందని. వద్దన్నాను. అది పెరిగితే పలకని నాకి గీరుతుంది, ట్యాంకు చాలదని ఎవరో ఒకరు తీసుకెళ్ళి కాలవలో వదిలేస్తారు. ఆ వదిలిన చేపలే ఇప్పుడు మన చెరువుల్లో వలలు చింపుతున్నాయి.

సాయంత్రం మేస్త్రి గారు పచ్చడి తినడానికి వచ్చారు. మిషను తిరిగిచ్చాను. ఆయన చేపల్ని చూడలేదు. ముందు జానెడు గీత మీద గోరు పెట్టి లాగారు, తలాడించారు, "ఇది వదిలెయ్యడమే మంచిది" అన్నారు. తర్వాత ఫోన్లో లైటు వేసి పలక వెంట అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా నడిచారు. కుడివైపు గుండ్రటి మూల దగ్గర ఆగారు. రెండు నెలల్నుంచి రోజూ చూస్తున్నాను, నాకక్కడ ఏమీ కనబడలేదు. వేలితో చూపించారు.

"ఇక్కడ ఆరొందలు సరిగ్గా పడలేదు."